గడప ఉన్న బస్సు

"మీ ఇంటికి గడప ఉన్నదా?" అని అడిగింది జగిత్యాల పెద్దామె.

ఆమె నా చిన్ననాటి స్నేహితురాలికి అత్తగారు. నేనూ మా ఆయనా కుంకుమ భరిణె పట్టుకుని, ఆమె కోడలిని ఒడిబియ్యానికి పిలవడానికి వాళ్ళింటికి వెళ్ళాం. చాయ్ ఇచ్చింది. ఎండల గురించీ, ఈసారి మామిడి కాపు గురించీ మాట్లాడింది. మా బిడ్డ ఎన్నో తరగతికి వచ్చిందో కనుక్కుంది. అన్నీ అయ్యాక, ఖాళీ కప్పులు తీసుకుంటూ, మామూలుగా అడిగినట్టే ఆ ముక్క అడిగింది. మేం ఉండేది బస్సులో.

మా వైపు పెళ్ళయిన బిడ్డకు తల్లిగారు, అంటే పుట్టింటివాళ్ళు, మంచి ఏడాది చూసి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు ఒడి నిండా పోసి, కొత్త చీర కట్టించి అత్తగారింటికి సాగనంపుతారు. ఆ బియ్యం అక్కడ వండి అయినవాళ్ళందరికీ పెడతారు. ఈ కోడలికి వెనక ఒక ఇల్లుంది అని తిన్న ప్రతివాళ్ళకూ తెలుస్తుంది. నా స్నేహితురాలికి ఆ ఇల్లు లేదు. సిరిసిల్లలో వాళ్ళది కిరాయి ఇల్లు, ఆమె ఒక్కతే బిడ్డ. తండ్రి మగ్గం నేసేవాడు, తల్లి నూలు కండెలు చుట్టేది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఆ ఇంట్లో ఇప్పుడు ఇంకెవరో ఉంటున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఒడి ఒక్కసారి కూడా నిండలేదు.

పోయిన వేసవిలో ఆమె తోటికోడలు తల్లిగారింటి నుంచి ఒడిబియ్యం తెచ్చుకుంది. అది వండే పని ఈమె మీద పడింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "పొయ్యికాడ నిలబడి నిలబడి కాళ్ళు గుంజుతున్నయే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వచ్చే ఎండకాలం నీ ఒడి నేను నింపుత. ఆ బియ్యం నీ తోటికోడలే వండుతది, సూడు" అన్నాను.

అనడానికేం, అనేశాను. ఇప్పుడు పెద్దామె ముందు కూర్చుని గడప ఎక్కడి నుంచి తేవాలో తెలియక చూస్తున్నాను.

"ఉంటది పెద్దమ్మా" అన్నాను.

"ఉన్నదా అంటే ఉంటదంటవేంది?"

"మేం బియ్యం పోసేటాల్లకు ఉంటది."

పెద్దామె మా ఆయన వైపు చూసింది. ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

"సూడు బిడ్డా, నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు దానికి అక్కచెల్లె లెక్క. కని ఒడిబియ్యం తొవ్వల పోసేటియి గావు. గడప ఉండాలె, పొయ్యి ఉండాలె, దేవుని మూల ఉండాలె. ఓ రాత్రి తల్లిగారింట్ల పండుకోవాలె. పొద్దున్న ఒడి నిండినంక గుప్పెడు బియ్యం ఆ ఇంట్ల ఇడిచిపెట్టి, గడపకు మొక్కి దిగాలె. బండిల గివన్ని ఎట్లయితయి? రేపు నలుగురు అడిగితె ఏ ఇంట్లకెంచి తెచ్చుకున్నదని చెప్పాలె నేను?"

ఆమె మాటలో ఎక్కడా వంకర లేదు. ఉంటే నాలుగు మాటలు నేనూ అని లేచి వచ్చేదాన్ని. న్యాయంగా మాట్లాడేవాళ్ళతో గొడవ పెట్టుకోవడం కష్టం. అందుకని నా కోపమంతా బయటికొచ్చాక మా ఆయన మీద పోశాను. క్యాలెండర్‌లో ఏమంత కనబడిందని అడిగాను. గడియారం టవర్ దగ్గర బండి ఆపి చెరుకురసం తాగేదాకా అరుస్తూనే ఉన్నాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి, "గడపే గదా, పెడుదాం" అన్నాడు. చక్రానికి గాలి తగ్గింది, కొట్టిద్దాం అన్నట్టే అన్నాడు.

మా ఆయనది కోరుట్ల, వ్యవసాయం ఇల్లు. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి కంపెనీ బస్సు నడిపాడు. తిరిగొచ్చాక ఒకరోజు, "ఊరోళ్ళందర్ని మోసిన. ఒక్కనాడన్న మీరిద్దరు నా బస్సెక్కిన్రా?" అన్నాడు. తర్వాత కొన్నాళ్ళకు ఒక బడివాళ్ళు పక్కన పడేసిన పాత బస్సు కొనుక్కొచ్చాడు. నేను సిరిసిల్ల గుడ్డతో లంగాలు కుట్టి అమ్ముతాను. కొండగట్టు కింద, సారంగాపూర్ బీర్పూర్ వారం అంగళ్ళలో, ఎక్కడ జనం ఉంటే అక్కడ. మూటలు మోసుకుని పొద్దున పోవడం, రాత్రికి తిరిగి రావడం నా వల్ల కాకుండా అయింది. "మూటలతోపాటు ఇల్లును గూడ తీస్కపోతె పాయె" అని ఆయన నవ్వులాటకు అన్నాడు. నేను నవ్వలేదు. ఆ వారమే సీట్లు పీకించాను.

అలా మా కాపురం బస్సెక్కింది. బడి రోజుల్లో కోరుట్ల దాటాక జగిత్యాల రోడ్డు పక్కన ఒక మామిడి తోటలో ఆగుతాం. తోట ఆసామి మా ఆయనకు వరసకు అన్న. కాపలా ఉన్నట్టు ఉంటుందని ఉండనిచ్చాడు. సెలవుల్లో అంగళ్ళు తిరుగుతాం. డ్రైవర్ సీటు వెనకాలే వంటిల్లు, పొయ్యి పక్కన దేవుని పటం. తర్వాత నా కుట్టుమిషన్. దాని వెనక అటూ ఇటూ రెండు బల్లలు, పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి. బల్లల కిందే మా ఆస్తంతా, బియ్యం డబ్బా, లంగాల మూటలు, మా బిడ్డ పుస్తకాలు. పైన నీళ్ళ ట్యాంకు. తోటలో బోరు దగ్గర స్నానానికి తడకలు కట్టుకున్నాం. పసుపు రంగు మార్చలేదు. మా బిడ్డ మొదట్లో సిగ్గుపడేది. ఇప్పుడు తన స్నేహితురాళ్ళను లైను కట్టించి చూపిస్తుంది.

బంధువులు రకరకాలుగా అన్నారు. సర్కస్ అన్నారు, సంచారం అన్నారు. నాకు లెక్కలేదు. కాని, రాత్రి ఉండటానికి మా ఇంటికి అప్పటిదాకా ఒక్కరూ రాలేదు. వచ్చినవాళ్ళు కిందే నిలబడి, "మంచిగున్నది, మంచిగున్నది" అని చాయ్ తాగి పోయేవాళ్ళు. ఆ మాట నన్ను ఎక్కడో పొడిచేది. అందుకే, గడప పెడుతున్నామన్న కబురుకు పెద్దామె "పోయి రానియ్యి, మిగిలింది అచ్చినంక సూద్దాం" అనగానే సిరిసిల్లకు ఫోన్ చేశాను.

చిన్నప్పుడు మేం ఐదుగురం బడి నుంచి రాగానే ఒకే సాంచాల షెడ్డు బయట కూర్చుని కండెలు చుట్టేవాళ్ళం. సాంచా అంటే మా దగ్గర కరెంటు మగ్గం. ఆ చప్పుడులో మాట వినబడదు కాబట్టి మా ఐదుగురివీ పెద్ద గొంతులే. ముగ్గురు ఇప్పటికీ సిరిసిల్లలోనే ఉన్నారు. నేను, జగిత్యాల దానితో కలిపి ఐదు. "ఓ రాత్రి ఉండాలె. లేదంటె రావద్దు" అని చెప్పాను. వాళ్ళు వేములవాడ, కథలాపూర్ మీదుగా ఆర్టీసీ బస్సులో వచ్చి తోట ముందు దిగారు. జగిత్యాల దాన్ని వాళ్ళాయన బండి మీద దింపిపోయాడు.

"బస్సు దిగి మల్ల బస్సెక్కుడేందే!" అని మాలో అందరికన్నా గట్టిది తోటంతా వినబడేలా అంది. అన్నది కాని ముందు ఎక్కింది అదే. ఎక్కి, వంటింటి గట్టు తడిమి, కిటికీ జరిపి చూసి, వెనక బల్ల మీద కాళ్ళు చాపి పడుకుంది. "నేను గీడ్నే పండుకుంట, ఎవ్వలు అచ్చినా లెవ్వ" అంది. నా గుండె నిండిపోయింది. మా ఇంట్లో కాళ్ళు చాపిన మొదటి చుట్టం అదే.

బస్సులో చుట్టాలంటే మామూలు ఇంట్లో చుట్టాలు కాదు. ఒకరు కదిలితే అందరూ కదలాలి. చాయపత్త కావాలంటే కుట్టుమిషన్ ముందున్న మనిషి లేవాలి. ఆ మనిషి లేవాలంటే వంటింట్లో మనిషి కిందికి దిగాలి. నలుగురు ఒకే పక్క కూర్చుని నవ్వితే బస్సు ఆ పక్కకు ఊగుతుంది, పొయ్యి మీద పప్పు అంచుదాకా వస్తుంది. మా ఆయన చక్రాల కింద రాళ్ళు పెట్టి, "మీరు జర సమంగ నవ్వున్రి" అన్నాడు. మా బిడ్డ అందరికీ నియమాలు చెప్పింది. చెప్పులు మెట్టు కింద, తడి బట్టలు బయట దండెం మీద, నల్లా చిటికెన వేలంత తిప్పాలి. ఒకామె మొత్తం తిప్పి ముఖం కడిగింది. ట్యాంకు సగమైంది. నేను కస్సుమన్నాను. ఆమె తడి ముఖంతోనే నవ్వుతూ, "నువ్వు గీ తిట్లు తిట్టక మస్తు దినాలయిందే" అంది. ఇంకేం తిడతాను.

సాయంత్రం లంగాల కోతలో మిగిలిన రంగురంగుల ముక్కలతో కుట్టిన పరదాను బస్సు పక్కనుంచి మామిడి కొమ్మకు కట్టాం. దాని కింద సర్వపిండి రొట్టెలు కాల్చాం. సాంచాలు, పిల్లలు, మోకాళ్ళ నొప్పులు, అన్నీ మాట్లాడాం. జగిత్యాల దోస్తు మాత్రం తక్కువ మాట్లాడింది. పిండి తట్టుతూ తట్టుతూ నన్ను మెల్లగా అడిగింది.

"మా అత్త ఒప్పుకుంటదంటవానే?"

"ఎందుకొప్పుకోదు?"

"ఒప్పుకోకపోతె గా బియ్యం వండనియ్యదు. నిండిన ఒడి పట్టుకోని ఇంటిముంగట నిలవడితె... దానికంటె లేకుండుడే నయం గదనే."

నాకప్పుడు నిజంగా భయమేసింది. అప్పటిదాకా అది నా పంతం, నా బస్సు, నా ఇల్లు అనే అనుకున్నాను. రేపు పరువు పోతే పోయేది దానిదే. ఆ గడపలో, ఆ తోటికోడలి ముందు, జీవితాంతం ఉండాల్సింది అదే. అయినా పైకి మాత్రం, "సర్వపిండి మాడుతున్నది, సూస్కో" అన్నాను.

తెల్లారగట్టే లేచాం. అందరం ఎలా పడుకున్నామో చెప్పను కాని, నిద్రలో ఎవరి కాలు ఎవరిదో తేల్చుకోలేక ఒకామె తన కాలే అనుకుని నా కాలు గోకింది. లేచేసరికి మా ఆయన మెట్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కోరుట్ల వడ్రంగితో చెక్కించిన గడప. అడ్డంగా సరిగ్గా సరిపోయింది. బోల్టులు బిగించి, గుడ్డతో తుడిచి, కాలితో తన్ని చూశాడు. కదల్లేదు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేశాను.

మేం గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాం. మామిడాకులకు కొదవ లేదు, చెయ్యి చాపితే తోరణం. పోసేవాళ్ళు ఐదుగురు ఉండాలి. మేం నలుగురం, ఐదో మనిషిగా తోట ఆసామి భార్య వచ్చింది. ఆమె చెప్పులు మెట్టు కింద విడిచి, గడపను చూసి ఆగి, కుడికాలు లోపల పెట్టింది. అంతకు ముందు ఎన్నోసార్లు వచ్చింది, ఎప్పుడూ అలా అడుగు పెట్టలేదు. నేనది చూశాను.

రెండు బల్లల మధ్య పీట వేసి దోస్తును కూర్చోబెట్టాం. సిరిసిల్ల వాళ్ళు తెచ్చిన చీర కట్టింది. ఎర్ర చీర, ఆకుపచ్చ అంచు. వాళ్ళ వీధి మగ్గం మీద నేయించిందే. మొదట నేను పోయాలి. దోసిట్లో బియ్యం పట్టుకుని వంగాను. బియ్యం గింజలు కొన్ని పీట మీద పడ్డాయి. "కింద పోస్తున్నవేందే, కండ్లు కనవడ్తలెవ్వా?" అని గట్టిది కసిరింది. దాని కళ్ళు కూడా తుడుచుకునే స్థితిలోనే ఉన్నాయి. ఒక్కొక్కరం ఐదేసి దోసిళ్ళు పోశాం. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు, రవికగుడ్డ. ఒడి బరువెక్కుతుంటే దాని నడుము నిటారుగా అయింది. ముఖం వేరేగా అయింది. చిన్నప్పుడు బుట్టెడు కండెలు అందరికన్నా ముందు చుట్టేసి మా వైపు చూసేదే, ఆ చూపు మళ్ళీ కనబడింది. నాకు ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. నా పెళ్ళినాడు కూడా కలగలేదు. మా ఆయన ఇది చదివినా ఏమనుకోడు.

తర్వాత ఒడి ముడి కట్టి, దేవుని మూలకు మొక్కించాం. ఇప్పుడు గుప్పెడు బియ్యం తల్లిగారింటి బియ్యంలో తిరిగి వేయాలి, ఆ ఇల్లూ చల్లగా ఉండాలని. మా బియ్యం డబ్బా వెనక బల్ల కింద ఉంది. బల్ల మీద ఇద్దరున్నారు. వాళ్ళు లేవాలంటే తోట ఆసామి భార్య జరగాలి. ఆమె జరగాలంటే నేను వంటింట్లోకి పోవాలి. నేను పోవాలంటే మా ఆయన కిందికి దిగాలి. నిండు ఒడితో ఆమె నిలబడే ఉంది. అందరం ఒకరి వెనక ఒకరం కదిలి, బల్ల పలక ఎత్తి, డబ్బా మూత తీశాం. ఆమె గుప్పెడు పసుపు బియ్యం మా తెల్ల బియ్యంలో వేసింది.

ఇక గడపకు మొక్కి బయల్దేరడమే. జగిత్యాలకు ఆటో మాట్లాడి ఉంచాం. ఆటో రాలేదు. ఫోన్ చేస్తే మెట్‌పల్లిలో పెళ్ళి కిరాయి ఉందన్నాడు. మంచి గడియ దాటిపోతుంది. నిండు ఒడితో ఆమె నిలబడి ఉంది, కూర్చోమంటే కూర్చోదు. అందరూ మాట్లాడుతున్నారు, ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. అప్పుడు మా బిడ్డ, "మనమే దింపుదామమ్మా. మన ఇల్లు నడుస్తది గదా" అంది.

అందరం దాని వైపు చూశాం. తోట ఆసామి భార్య ముక్కున వేలేసుకుంది. "తల్లిగారిల్లు దిగి పోవాలె గాని, తల్లిగారింట్లనే కూసోని పోతరా?" అంది.

"దిగేది ఆడ దిగుతది" అన్నాను నేను. "గడపకు ఆడ మొక్కుతది. గడప ఎటు పోతదక్కా, మనతోనే అస్తది."

ఆమె "గదీ నిజమే" అని తను కూడా ఎక్కి కూర్చుంది.

మా ఆయన చక్రాల కింద రాళ్ళు తీశాడు. పరదా విప్పాం, గిన్నెలు కట్టేశాం, గ్యాసు ఆపాం. ఆయన సీట్లో కూర్చుని తలుపు మూయడానికి పిడి లాగాడు. టక్కుమంది. మళ్ళీ లాగాడు, మళ్ళీ టక్కు. మా బస్సు తలుపు మడత తలుపు, లోపలికి మడుచుకుంటుంది. ఆయన గడపకు అడ్డం కొలిచాడు, ఎత్తు కొలవలేదు. తలుపు వచ్చి గడపకు తగిలి ఆగిపోతోంది. పొద్దున్నించీ ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళే కాబట్టి ఎవరూ తలుపు మూసి చూడలేదు.

"రెండు నిమిషాలు" అని ఆయన పానా తీశాడు. "గడప ఊడదీస్త, ఆడికి పోయినంక మల్ల పెడ్త."

ఆడవాళ్ళం ఆరుగురం ఒక్కసారే అరిచాం. ఒడిబియ్యం పోసిన ఇంటి గడప పీకుతారా ఎవరైనా! ఇంకా ఆమె మొక్కనైనా మొక్కలేదు. ఆయన పానా పట్టుకుని మా ఆరు ముఖాలూ చూసి, మెల్లగా పానా లోపల పెట్టేశాడు. పాపం, వడ్రంగం తెలియకపోయినా మనుషులు తెలుసు ఆయనకు.

తలుపు తెరిచే ఉంచి, రెండు రేకులనూ పక్కకు కట్టేశాం. గుమ్మానికి అడ్డంగా లంగా గుడ్డ మెలిపెట్టి తాడులా కట్టాం. దాని దగ్గర గట్టిదాన్ని కాపలా పెట్టాం. దోస్తును మధ్యలో పీట మీద కూర్చోబెట్టి ఇద్దరు పట్టుకున్నారు. మా ఆయన సైకిల్ కన్నా కాస్త ఎక్కువ వేగంతో రోడ్డెక్కాడు.

తలుపు మూసుకుని పోతే మేమూ అందరిలా ఒక పాత పసుపు బస్సు, అంతే. తెరిచి ఉండబట్టి రోడ్డంతా మమ్మల్ని చూసింది. పసుపు గడప, మామిడి తోరణం, లోపల ఎర్ర చీరలో నిండు ఒడితో ఒక మనిషి, గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతూ మా గట్టిది. చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. మామిడికాయలు బుట్టలకెత్తుతున్న ఆడవాళ్ళు, "ఏందవ్వా, పెండ్లా?" అని కేకేశారు. "ఒడిబియ్యం! ఒడిబియ్యం!" అని గట్టిది గుమ్మంలోంచి అరిచింది. మావాళ్ళు పాటలు అందుకున్నారు. సాంచాల చప్పుడును గెలిచిన గొంతులు, బస్సు ఇంజను ఏపాటి. ఎదురొచ్చిన ఆర్టీసీ డ్రైవర్ హారన్ కొట్టి చెయ్యెత్తాడు. మా ఆయన కూడా కొట్టాడు. దోస్తు మొదట తల దించుకుని కూర్చుంది. తర్వాత కిటికీలోంచి చూసింది. జగిత్యాల దగ్గరపడేసరికి అది కూడా పాడుతోంది.

టవర్ దాటాక పాడటం ఆగింది. వాళ్ళ వీధి మలుపులో దాని చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. "ఎవ్వలన్న నవ్వితెనో?" అంది. నేను దాని ఒడి ముడి మళ్ళీ బిగించాను.

వీధి ఇరుకు. ఆటో పోతే సైకిల్ ఆగాలి. మా ఆయన అద్దాలు మడిచి, ఇటు అరుగు అటు మోరీ కాలువ చూసుకుంటూ, జానెడు జానెడు పోనిచ్చాడు. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. పిల్లలు వెనక నడిచారు. ఆయన ఆపి, కాస్త ముందుకు తీసి, మళ్ళీ ఆపాడు. అప్పుడు నాకర్థమైంది ఎందుకలా సర్దుతున్నాడో. మా గడప సరిగ్గా వాళ్ళ గడప ఎదురుగా వచ్చింది. మధ్యలో ఒక్క మనిషి నిలబడేంత జాగా. ఆ క్షణాన ఎత్తు కొలవని తప్పుకు ఆయనను పూర్తిగా క్షమించాను.

పెద్దామె చేతిలో దిష్టి నీళ్ళ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనక తోటికోడలు. పెద్దామె ముందు బస్సును చూసింది. తర్వాత మెట్లను. తర్వాత గడపను. చూపు దాని మీద ఆగిపోయింది. పసుపు, కుంకుమ బొట్లు, మామిడాకులు. లోపల పొయ్యి, పొయ్యి పక్కన దేవుని పటం. దోస్తు ఒడి పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గరికొచ్చి, వంగి, మా గడపను ముట్టుకుని కళ్ళకద్దుకుంది. మెట్లు దిగింది. రెండు గడపల మధ్య నిలబడింది.

పెద్దామె వెంటనే నీళ్ళు తిప్పలేదు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఆటో హారన్. ఒకసారి, రెండుసార్లు. ఇరుక్కుపోయిన ఆటోవాడు తల బయటపెట్టి, "ఏ, ఎవ్వలదే గీ బస్సు? గల్లీల పెట్టుడేంది? తియ్యున్రి!" అని అరిచాడు. వీధిలో నలుగురు అతని వైపు తిరిగారు, తర్వాత మా వైపు.

నేను నోరు తెరిచాను. కాని పెద్దామే ముందు మాట్లాడింది. పళ్ళెం తోటికోడలికి ఇచ్చి, వీధంతా వినబడేలా, మా సిరిసిల్ల గొంతులకు ఏమాత్రం తీసిపోకుండా అంది.

"బస్సేందిరా బస్సు! కండ్లు కనవడ్తలెవ్వా? మా కోడలి తల్లిగారిల్లు గది. బిడ్డను దింపిపోను అచ్చింది. జరసేపు ఆగు!"

ఆటోవాడు బండి బందు చేసి కిందికి దిగాడు. తోటికోడలు పళ్ళెం తిప్పి దిష్టి తీసి, బియ్యం వండే పెద్ద గిన్నె కోసం లోపలికి పోయింది.